వాలు అడిగితే సూత్రం అప్పజెబుతున్నారు

మా రోజుల్లో సరళరేఖ వాలు కనుక్కోమంటే ముందు గ్రాఫు కాగితం తీసేవాళ్లం. ఇప్పటి పిల్లల్ని అడిగి చూడండి, ప్రశ్న పూర్తి కాకముందే "మైనస్ ఏ బై బీ" అంటారు. సూత్రం సరైనదే. అది దేన్ని కొలుస్తోందో తెలియకపోవడమే నా బాధ.

మొన్న ఇంటర్ చదివే మా మనవడికి 3ఎక్స్ + 4వై = 12 ఇచ్చాను. "మైనస్ మూడు బై నాలుగు, తాతయ్యా" అన్నాడు టకీమని. "మైనస్ అంటే గీత ఎటు పోతుందిరా?" అంటే తెల్లమొహం వేశాడు. సరేనని 2వై = 6ఎక్స్ - 5 ఇచ్చాను. ఎక్స్ పక్కనున్న అంకె చూసి "ఆరు" అన్నాడు. వై ముందున్న రెండుతో భాగిస్తే వాలు 3 అని తట్టలేదు. ఎక్స్ = 2 ఇస్తే "సున్నా" అన్నాడు. అది నిట్టనిలువు గీత! పక్కకు జరగడమే లేనప్పుడు దేంతో భాగిస్తాం? దాని వాలు నిర్వచితం కాదు. సున్నా వాలు వై = 5 లాంటి అడ్డగీతది.

మా మాస్టారు సూత్రాన్ని చివరిదాకా దాచి ఉంచేవారు. అదే 3ఎక్స్ + 4వై = 12 తీసుకోండి. ఎక్స్ సున్నా అయితే వై 3, వై సున్నా అయితే ఎక్స్ 4. రెండు చుక్కలు పెట్టి స్కేలుతో కలిపేవాళ్లం. ఎడమ చుక్క నుంచి కుడికి నాలుగు గళ్లు జరిగితే గీత మూడు గళ్లు దిగేది. మైనస్ ఎందుకొచ్చిందో ఇక ఒకరు చెప్పాలా? ఆ తర్వాతే వైని ఒక పక్కన ఉంచి, వై = 3 - (3/4)ఎక్స్ అని రాయించేవారు. ఎక్స్ ఒకటి పెరిగితే వై ముప్పావు తగ్గుతుంది. గళ్లలో లెక్కపెట్టిందే సమీకరణంలోనూ కనబడ్డాక, అప్పుడు బోర్డు మీదికి వచ్చేది -ఏ/బీ.

ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) ఇంజనీరింగ్ పరీక్షలో 3 గంటలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. ప్రశ్నకు నిమిషం పైన కాస్త. అక్కడ గ్రాఫు గీసే తీరిక ఉండదు, ఒప్పుకుంటాను. అలాగని ఏడాది పొడుగునా పాఠం కూడా ఆ పరుగులోనే చెప్పాలా?

రైలు పట్టాల పక్కన అంకె రాసిన వాలుపలకలు ఉంటాయి. పైకి వంగిన పలక మీద 150 అని ఉంటే, 150 మీటర్లు పోయేసరికి దారి ఒక మీటరు ఎక్కుతుందని అర్థం. వాలంటే అంతే కదా! మావాడు ఎన్నోసార్లు రైలెక్కాడు గానీ ఆ పలక తన లెక్కల పుస్తకంలోదేనని ఎవరూ చెప్పలేదు.

లెక్కల మాస్టార్లకు నా మనవి ఒకటే. మొదటి వారం సూత్రం ఊసెత్తకండి. ప్రతి పిల్లవాడి చేతా పది గీతలు గీయించి గళ్లు లెక్కపెట్టించండి. ఆ పదిలో ఎక్స్ = 2 తప్పకుండా ఉండాలి.