కూర్మపోషకుడు

ఓరుగల్లు కాశిబుగ్గలో విశ్వేశ్వరాలయము దాటి సందులలోనికి పోయినచో, మేడమీద నీలిరంగు టబ్బునొకదానిని ముందిడుకొని, ఒక చేత ధర్మామీటరును, వేఱొక చేత ఎండురొయ్యల డబ్బాను ధరించి, ఆఫీసుకు వేళ మించినను చలింపక కూర్చుండు పురుషుడెవడైన కానవచ్చెనేని, అతడే నవ కూర్మపోషకుడని యెఱుంగవలెను. లోకమున కొందఱు చదివి కొందురు, కొందఱు కొని చదువుదురు. ఇతడు రెండవ తెగవాడు.

ఉత్తరదిక్కున కూర్మముండిన కుబేరుడు గుమ్మము తొక్కునని యెవరో చెప్పగా, ఇత్తడి తాబేలు కొనబోయినవాడు, దారిలో నొక అక్వేరియం దుకాణమున, పదిరూపాయల బిళ్లకంటె కొంచెము పెద్దదియై, కన్నుల వెనుక ఎఱ్ఱని చారలతో, నాలుగు కాళ్ల నాడించుచు తనవైపే ఈదివచ్చుచున్న పచ్చని ప్రాణిని గాంచి, అది తన్ను గుర్తించినదని భ్రమించెను. అది గుర్తించినది తిండిపెట్టు చేతిని మాత్రమే. "గిది గింతే ఉంటది సార్, పెర్గదు. పొద్దుగాల రెండు గింజలేస్తె సాలు" అని దుకాణదారు సెలవిచ్చెను. లక్ష్మి యను నామకరణము బండిమీదనే జరిగిపోయెను.

ఇంటికి వచ్చి ఫోనులో శోధింపగా, లక్ష్మి పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతమనియు, అది పెరిగి పెరిగి అన్నము తిను కంచమంత కాగలదనియు, చక్కగా సాకిన ముప్పదియేండ్లు బ్రదుకవచ్చుననియు తెలియవచ్చెను. ఆ రాత్రి ఆతడు తన వయస్సును, ఉద్యోగ విరమణ సంవత్సరమును, లక్ష్మి ఆయువును కాగితముమీద కూడి తీసివేసి చాలసేపు మౌనముగా నుండెను.

మొదట టబ్బును కిటికీ అద్దము చెంత నుంచి, ఎండ తగులుచున్నది గదా యని తృప్తిపడెను. కాని ఎముకలకు వలయు అతినీలలోహిత కిరణములను అద్దము చాలవఱకు ఆపివేయుననియు, ఆ కిరణములు లేనిచో తిన్న కాల్షియం ఒంటబట్టక పిల్లతాబేలు చిప్ప మెత్తబడుననియు చదివినంతనే టబ్బు మేడ నెక్కినది. ఓరుగల్లు మే నెల యెండలో లోతులేని టబ్బునీరు క్షణములో కాగిపోవును గనుక, సగమునకు గోనెపట్టా నీడయు, సగమునకు ఎండయు, ఆ యెండలో నీటిపైకి తేలునట్లు ఒక యిటుకయు ఏర్పడినవి. లక్ష్మి ఆ యిటుకపై కెక్కి, మెడ సాచి, వెనుకకాళ్లు రెండును వ్రేళ్లు విప్పి గాలిలోనికి చాచి, పింఛను పుచ్చుకొన్న జమీందారు దివానువలె కన్నులు మూసికొనును. ఆ దృశ్యమును ఇంటిల్లిపాదిని మెట్లెక్కించి చూపనిదే ఆతనికి కాఫీ దిగదు.

తన బిడ్డలు ఏ తరగతి చదువుచున్నారో తడుముకొను నితడు, లక్ష్మి తలకాయంత ప్రమాణమునకు మించి మేత పడకుండ గింజలు లెక్కించును. కుళాయినీటిలోని క్లోరిను పోవలెనని బక్కెట్లు ఒకదినము ముందుగనే పట్టి నిలువయుంచును. "మాకు తానానికి నీళ్లు లెవ్వు గని, దానికి మాత్రం దాసిపెట్టుడు, వదినా!" అని యిల్లాలు గోడమీదుగా మొఱపెట్టుకొనును. శుభలేఖ నీయవచ్చిన బంధువు ముచ్చటపడి తాబేలును తాకెనేని, సబ్బుతో చేతులు కడిగించి, దాని మేన సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చుననియు, పిల్లలు నోట బెట్టుకొని జబ్బు పడుచుండుటచే 1975లోనే అమెరికా ప్రభుత్వము నాలుగంగుళములకు తక్కువైన తాబేళ్ల అమ్మకమును నిషేధించినదనియు బోధించి పంపును. ముహూర్త మెప్పుడో అడుగడు.

చాయహోటలులో నెవడైన "అన్నా, మా పోరనికి దగ్గు తగ్గుతలేదే" యన్నను, "ఎండ తగుల్తున్నదా? నీళ్లెన్ని దినాలకు మారుస్తున్నవ్?" అనియే ప్రశ్నించును.

ఒకనాడు అత్తగారు వచ్చి, "గింత తిప్పలెందుకు బిడ్డా, భద్రకాళి చెర్ల ఇడ్సిపెట్టు, పున్నెమొస్తది" అనెను. అంతట నాతడు లేచి నిలువబడి, పరదేశపు తాబేలు మన చెఱువున జొచ్చిన మన తాబేళ్ల మేతను, ఎండకాగు తావులను ఆక్రమించుననియు, లోకమునకు మిక్కిలి చేటు తెచ్చు నూఱు చొరబాటు జీవుల పట్టికలో దీని పేరున్నదనియు, పోనీ దీనికి బదులు చెఱువులోని మన తాబేలును తెచ్చి పెంచుదమన్న 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఊరకుండదనియు ఉపన్యసించెను. ఇంటనున్నదానిని చెఱువున విడువరాదు, చెఱువుననున్నదానిని ఇంటికి తేరాదు. అత్తగారు ఆసాంతము విని, "గట్లయితె నీ తర్వాత ఎవలు సాదుతరు?" అనెను. ఆ ప్రశ్నకు ఫోనులో సమాధానము లేదు. ఇంటనున్న కుమారుడు మాత్రము మెల్లగా బయటికి జారుకొనెను.

మూడవయేడు లక్ష్మి ముందుకాళ్ల గోళ్లు వింతగా పొడుగుసాగినవి, తోకయు లావెక్కినది. మన పండితుడు టబ్బుచుట్టు రెండుమార్లు తిరిగి, మగ తాబేలు లక్షణములివియే యని గొంతు తగ్గించి ప్రకటించెను. వాస్తు సంగతి యేమగునో యని ఆతడు దిగులుపడుచుండగా, ఇల్లాలు బియ్యము చెఱుగుచు తలయెత్తక, "ఏమున్నది, లచ్చయ్య అందాం" అని తేల్చివేసెను. లచ్చయ్యకు టబ్బు చాలదని ఆ సాయంత్రమే ఆతడు పెద్ద తొట్టి బేరమాడుటకు పోచమ్మమైదానము వైపు బండి తీసెను.