డ్రోన్ పడదు, దిగుతుంది

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో డ్రోన్ ఎగరేసే మనిషిని ఊరు ‘డ్రోనన్న’ అంటుంది. ముహూర్తాల రోజుల్లో ఈయన పెళ్లి ఊరేగింపు మీద కెమెరా తిప్పుతాడు. ఖరీఫ్‌లో పత్తిచేలకు మందు కొడతాడు. రెండు పనులకు రెండు డ్రోన్లు, నల్లకళ్లద్దాలు మాత్రం ఒకటే జత. పదేళ్లు చెల్లే రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించి, స్టూడియోలో వేంకటేశ్వరస్వామి పటం పక్కనే తగిలిస్తాడు.

ఈయన డ్రోన్ ఎన్నడూ పడదు. ‘‘పడిందంట కదన్నా?’’ అంటే ‘‘పడలేదప్పా, దించినా’’ అంటాడు. దించిన చోటు కల్యాణమండపం రేకులు కావచ్చు, బోరు పక్కనున్న కరెంటు తీగలు కావచ్చు, పెళ్లికొడుకు మేనమామ తలపాగా కావచ్చు. కారణాలకూ ఒక వరుస ఉంది: మొదట గాలి, తర్వాత గద్ద, ఆపైన జీపీఎస్, ఏదీ కుదరకపోతే చైనా. బ్యాటరీ అయిపోతోందని రిమోట్ అరుస్తుంటే ‘‘అది అట్లే అరుస్తాది’’ అన్న సంగతి ఆ వరుసలో ఉండదు.

దిగిన డ్రోన్ దగ్గరికి చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుతాడు. విరిగిన రెక్క ముందు జేబులోకి పోతుంది. తర్వాత చొక్కా అంచుతో లెన్సు తుడుస్తాడు. ‘‘ఎవురికన్నా తగిలిందా?’’ అన్న ప్రశ్న మూడోది. తగిలి ఉంటే మాత్రం బండెక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయేది, మందుల చీటీ డబ్బులిచ్చేది ఈయనే.

డ్రోన్ నియమాలు 2021 ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లోగా పైలట్ ఆ సంగతిని డిజిటల్ స్కై అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా పౌర విమానయాన డైరెక్టర్ జనరల్‌కు తెలపాలి. అవే నియమాలను మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. డ్రోనన్నకు లక్ష నోటికి వచ్చు, 48 గంటలు గుర్తుండవు. ‘‘మనంతట మనమే పోయి చెప్పుకుంటే ఊరికే ఇడుస్తారా?’’ అన్నది ఈయన వాదన. అది పూర్తిగా పిరికి వాదనేమీ కాదు. అమెరికాలో విమాన పైలట్లకూ ఇదే భయం ఉండేది. అందుకే 1976లో అక్కడ నివేదికలు తీసుకునే పనిని శిక్షించే శాఖకు కాక నాసాకు అప్పగించారు. చెప్పినవారి పేరు బయటికి రాదు. కావాలని చేయని పొరపాటును 10 రోజుల్లోగా తెలిపితే మామూలుగా శిక్ష కూడా తప్పుతుంది. డ్రోన్లు ఎగరేసేవారూ ఇప్పుడు అక్కడే చెప్పుకుంటున్నారు.

నివేదిక ఎవరినో పట్టించడానికి కాదు. ఒకరు చూడని తీగ ఇంకొకరికి తగలకుండా ఉండటానికి. ఈ ఉద్దేశం డ్రోనన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సాయంత్రం టీ అంగడి దగ్గర సాటి ఆపరేటర్లు కలిస్తే గద్దా ఉండదు, చైనా ఉండదు. ఎంత ఎత్తులో పోతోంది, గాలి ఏ దిక్కుది, బ్యాటరీ ఎంత మిగిలింది, అన్నీ ఉన్నదున్నట్టు చెబుతాడు. ‘‘ఆ స్టే వైరు నాకు కనపడల్యా, మీరు జాగర్త’’ అంటాడు. కొత్త పిల్లోడెవరైనా ఉంటే వాణ్ణి బండి మీద తీసుకుపోయి ఆ స్తంభం చూపిస్తాడు కూడా. ఢిల్లీకి చేరాల్సిన వివరాలూ ఇవే. టీ తాగేలోపు ఎమ్మిగనూరుకు అన్నీ అందుతాయి. ఢిల్లీకి మాత్రం ఈయన డ్రోన్ ఇంకా ఎగురుతూనే ఉంటుంది.