ఎర్రమట్టి దిబ్బల రేణువు, హాల్ముకాం పెద్ద అంబర్‌పేట్

పెద్ద అంబర్‌పేట్‌లో, ఔటర్ రింగ్ రోడ్డు విజయవాడ హైవేని దాటే చోటికి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్. అందులో ఓ ఇంటి చెప్పుల స్టాండు కింద, పిల్లాడి బూటు అంచున ఇరుక్కుని ఓ గార్నెట్ రేణువు కాపురముంటోంది. వేసవి సెలవుల్లో విశాఖ బస్సెక్కి వచ్చేసింది. కిందిదంతా అది చెప్పిన సొంత కథే. కాకపోతే "నేను" అనడం దానికి చేతకాదు. కోట్లలో ఒకటిగా పుట్టినదానికి ఆ మాట ఎబ్బెట్టుగా ఉంటుందట. తన గురించి తాను "ఈ రేణువు" అనే చెప్పుకుంటుంది.

ఈ రేణువు పుట్టిల్లు తూర్పు కనుమలు. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ ఒక రాతిలో దానిమ్మ గింజ రంగులో స్ఫటికంగా గడ్డకట్టింది. ఆ రాయిని ఖోండలైట్ అంటారు. కొండల్లో బతికే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఆ రాతితోనే. విశాఖలో సముద్రంలోకి ముక్కు చాచి నిలబడ్డ డాల్ఫిన్స్ నోస్‌దీ అదే వంశం. పేరు గొప్పే గానీ ఎండావానలకు ఆ రాయి ఎక్కువకాలం ఆగదు. అందులోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్నవుతుంది. క్వార్ట్జ్, ఇల్మనైట్, గార్నెట్ విడివడి గెడ్డల్లో పడి సముద్రం దారి పడతాయి.

అపార్ట్‌మెంట్ వెనక మరో ఇల్లు లేస్తోంది. అక్కడ పోసిన రోబో శాండ్ అంటే ఈ రేణువుకి మొదట్లో చిన్నచూపే. క్రషర్‌లో పడ్డ గ్రానైట్ నిమిషాల్లో నలిగి వచ్చిన ఇసుక అది. అంచులింకా పదునుగానే ఉన్నాయి. తీరా ఆరా తీస్తే హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని తేలింది. అప్పట్నుంచి పెద్దరికం మాట ఎత్తడం మానేసింది.

సముద్రం చేసే పని చెరగడమే. గార్నెట్ నీటికి దాదాపు నాలుగింతల బరువు, క్వార్ట్జ్ రెండున్నర ఇంతలకు కాస్త ఎక్కువ. అల వెనక్కి వెళ్తూ తేలికైన క్వార్ట్జ్‌ని ఈడ్చుకుపోతుంది, బరువైనవి ఒడ్డున చారలుగా మిగులుతాయి. భీమిలి బీచిలో ఇసుక మీద నల్లటి పట్టీ చూసి ఓడ నూనె ఒలికిందనుకునేవాళ్లున్నారు. అది ఇల్మనైట్. మధ్యలో కనిపించే ఎర్ర జీర ఈ రేణువు బంధువర్గం.

దాదాపు ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన రోజుల్లో, సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్లకు పైగా దిగువన ఉండేది. బయటపడ్డ సముద్రగర్భం మీది ఇసుకని గాలి ఎత్తి తెచ్చి, ఇప్పటి విశాఖకీ భీమిలికీ మధ్య కుప్పలు పోసింది. అవే ఎర్రమట్టి దిబ్బలు. మొదట్లో అవి ఎర్రగా లేవు. వాననీరు ఇంకి, ఇనుమున్న ఖనిజాలు కుళ్లి, ఆ తుప్పు ప్రతి ఇసుక గింజకీ పల్చటి పూతలా పట్టాక రంగు తేలింది. కుళ్లినవాటిలో గార్నెట్‌లూ ఉన్నాయి. ఈ రేణువు ఎలాగో తప్పించుకుంది, అంతే.

తర్వాత వాన రెండో పని మొదలుపెట్టింది, కోయడం. నిట్టనిలువు గోడలు, మనిషి పట్టేంత ఇరుకు సందులు, మధ్యలో ఒంటరి స్తంభాలు... సినిమావాళ్లకి తెగ నచ్చిన ఆ రూపమంతా కోతదే. జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ వీటి గురించి 1886లోనే రాశాడు. రాతియుగపు పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి. తమిళనాడు తేరి నేలలు, శ్రీలంక తీరపు ఎర్ర ఇసుక వీటికి దాయాదులు.

తవ్వకాల మాటొస్తే ఈ రేణువు మాంగనీసు దగ్గర అందుకుంటుంది. విజయనగరం వైపు మాంగనీసు గనులు 1890ల్లో మొదలయ్యాయి. ఆ తర్వాత మధ్య పరగణాల ఖనిజాన్ని ఓడలకెక్కించే ఆలోచనతో, డాల్ఫిన్స్ నోస్ నీడన విశాఖ రేవు కట్టి 1933లో తెరిచారు. అలల పోటు ఆపడానికి జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని అక్కడే ముంచారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువకాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు ఆ నడకకి అడ్డుపడింది. ఆగిపోయిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి, గొట్టాల్లో ఆర్కే బీచికి పంపడం అందుకే. ఎక్కడో కొండలో గని తవ్వితే, ఇక్కడ బీచికి ఇసుక కరువు!

గార్నెట్ గట్టిదనం దానికే ముప్పు తెచ్చింది. గరుకు కాగితానికి, ఓడల తుప్పు గీకడానికి, నీటిధారతో ఉక్కు కోయడానికి అదే కావాలి. బీచి ఇసుకలో దానితోపాటు థోరియమున్న మోనజైట్ కూడా ఉంటుంది కాబట్టి 2019లో కేంద్రం ఈ తవ్వకాలకు ప్రైవేటు సంస్థల్ని దూరం పెట్టింది.

దిబ్బల కష్టం వేరు. అక్కడివాళ్లకి ఖనిజంతో పనిలేదు, నేలతో పని. 2014లోనే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చినా, 2024 జూలైలో ఇళ్ల లేఅవుట్ పేరుతో యంత్రాలు దిగాయి, గొడవయ్యాక ఆగాయి. వాన కోసిన ఇసుక గెడ్డలో పడి బీచికి చేరుతుంది, గాలి దయ తలిస్తే మళ్లీ దిబ్బెక్కుతుంది. లారీ ఎక్కిన ఇసుక ఏ పునాది గుంతలోనో పడి, నెత్తిన కాంక్రీటు పోయించుకుంటుంది.

2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోపాటు ఎర్రమట్టి దిబ్బలూ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అంటే వెయిటింగ్ లిస్టన్నమాట. కనీసం ఏడాది అందులో ఉంటేగానీ దేశం పూర్తి ప్రతిపాదన పంపడానికి వీల్లేదు. పంపాక నిపుణులొచ్చి ముందు అడిగేది సరిహద్దులే. ఏ సందు దాకా వారసత్వం, ఏ గట్టు నుంచి ప్లాట్లు అన్నది ఆలోగా కాగితం మీద తేల్చాలి.