నేను, టీటీ హాల్లో సైకిల్ చక్రాన్ని

ఇరవై అంగుళాల పిల్లల సైకిలుకు ముందు చక్రంగా నా బతుకు మొదలైంది. కడియం నర్సరీల పక్కన కాలువ గట్టు మీద ఒక పిల్లాణ్ణి బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేదాన్ని. వాడు పొడుగయ్యాక రాజమండ్రిలో ఒక సైకిల్ షాపు అటకెక్కాను. అక్కణ్ణించి నన్ను ఏరి తెచ్చింది ఒక టేబుల్ టెన్నిస్ మాస్టారు. చువ్వలు బిగించి, ఇరుసుకి కొత్త గ్రీజు పెట్టించి, వెల్డింగ్ షాపులో ఇనప స్టాండు చేయించి టేబుల్ చివర నిలబెట్టారు. గరుకు టైరు బ్యాట్ రబ్బర్ని పాడు చేస్తుందని దాన్ని తీసేసి, పాత ట్యూబు ముక్కని రిమ్ము చుట్టూ బిగుతుగా చుట్టారు.

అప్పట్నించి నా పని ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ నేర్పడం.

బ్యాట్ ఎదురుగా వచ్చి గుద్దితే దబ్బుమని చప్పుడొస్తుంది, నేను సరిగా కదలను. కింది నుంచి పైకి, కాస్త ముందుకి రాసుకుంటూ పోతే సర్రున తిరుగుతాను. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఆడవాళ్ళు పిండిలో తడిపిన గుడ్డను వేడి కుండ మీద ఎంత ఒడుపుగా లాగుతారో, బ్యాట్ నా మీద అలా సాగాలి. బంతితో ఈ తేడా పిల్లలకి అంత తొందరగా పట్టుబడదు. 40 మిల్లీమీటర్ల బంతి, బరువు 2.7 గ్రాములు, బ్యాట్‌ని తాకిందో లేదో వెళ్ళిపోతుంది. నేను వెళ్ళిపోను. ఎదురుగా నిలబడి, ఎంత తిరిగానో చూపిస్తాను.

ఆ తిరుగుడు ఎందుకంత ముఖ్యమో మాస్టారు ప్రతి కొత్త బ్యాచికీ చెబుతారు. టాప్‌స్పిన్ బంతి ముందుకి దొర్లుతున్నట్టు తిరుగుతూ వెళ్తుంది. దాని పైన గాలి ఒత్తిడి ఎక్కువై, కింద తగ్గి, బంతి కిందికి వంగుతుంది. అందుకే బలంగా కొట్టినా 15.25 సెంటీమీటర్ల నెట్ దాటి టేబుల్ మీదే పడుతుంది, పడ్డాక ముందుకి దూసుకుపోతుంది. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీల్లో జపాన్ ఆటగాడు హిరోజీ సతో స్పాంజి అతికించిన బ్యాట్‌తో గెలిచాడు. ఆ తరవాత ఆట తీరే మారిపోయింది. మెత్తటి స్పాంజి మీద పట్టున్న రబ్బరు వచ్చాక బంతిని కొట్టడమొక్కటే చాలదు, తిప్పడం కూడా రావాలి.

ఈ ఊళ్ళో ఫోర్‌హ్యాండ్ గురించి మాట్లాడితే ఆచంట శరత్ కమల్ పేరు రాకుండా ఉండదు. 1982లో పుట్టింది ఈ రాజమండ్రిలోనే. పెరిగింది చెన్నైలో, తండ్రి శ్రీనివాసరావు, తండ్రి సోదరుడు మురళీధరరావు శిక్షణలో. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. పదహారేళ్ళ తరవాత, నలభై ఏళ్ళ వయసులో, బర్మింగ్‌హామ్‌లో మళ్ళీ అదే స్వర్ణం గెలిచాడు. జాతీయ సింగిల్స్ టైటిల్ పదిసార్లు ఆయనదే. టేబుల్‌కి దూరం జరిగి, ఒళ్ళంతా తిప్పి ఆయన కొట్టే ఫోర్‌హ్యాండ్ వీడియోలు మా హాల్లో పిల్లలు ఆపి ఆపి చూస్తారు. నా దృష్టిలో అంతకన్నా మంచి పాఠం లేదు, ఎందుకంటే అందులో చెయ్యి అన్నిటికన్నా చివర కదులుతుంది.

పిల్లలకి వంటబట్టనిది సరిగ్గా అదే. ఒకమ్మాయి నా దగ్గర చెయ్యి ఒక్కటే విసిరేది. భుజం నొప్పెట్టేది, నేను మాత్రం నాలుగు చుట్లకే ఆగిపోయేదాన్ని.

"చెయ్యి సంగతి మర్చిపో అమ్మా. కుడి కాలు వెనక్కి పెట్టి మోకాళ్ళు వంచు. బరువంతా దాని మీద వేసి, నడుం తిప్పు. చెయ్యి దాని వెనకే వస్తుంది," అన్నారు మాస్టారు.

"ఆయ్, అలాగేనండి."

అద్దం ముందు బంతి లేకుండా చేయించారు. మోచెయ్యి ఒంటికి దూరం పోకుండా చంకలో చిన్న తువ్వాలు పెట్టించారు. రోహిణీ కార్తెలో కూడా హాల్లో ఫ్యాన్లు వేయరు, గాలికి బంతి దారి తప్పుతుందని. ఆ ఉక్కలో చెమటలు కారుతున్నా ఆ పిల్ల వదల్లేదు. బరువు కుడి కాలి నుంచి ఎడమ కాలికి మారి, బ్యాట్ నుదుటి దగ్గరికొచ్చి ఆగిన రోజున నేను తిరిగిన తిరుగుడికి చువ్వలు కనపడలేదు.

వానాకాలం ఇంకో పాఠం. తేమకి రబ్బరు జారుతుంది, స్ట్రోక్ సరిగ్గా ఉన్నా నేను తిరగను. బ్యాట్ తుడుచుకోవడం పిల్లలకి అలా అలవాటైంది.

నేను చెయ్యలేని పనీ ఉంది. నేను ఉన్న చోటే ఉంటాను. బంతి అలా ఉండదు. ఒకటి పొడుగ్గా వస్తుంది, ఒకటి పొట్టిగా, ఇంకోటి వెనక్కి తిరుగుతూ వస్తుంది. బంతులు విసిరే రోబో కొంతవరకు అడుగులు నేర్పుతుంది గానీ, ఎదుటివాడి భుజం చూసి బంతి ఎటొస్తుందో పసిగట్టడం దానికీ నేర్పడం రాదు. అందుకే మాస్టారు నా దగ్గర పావుగంటకి మించి ఎవర్నీ ఉంచరు. ఆ వెంటనే బుట్టెడు బంతులు ఒకదాని వెంట ఒకటి అందించే మల్టీబాల్, ఆ పైన మనిషితో ఆట. చేతికి తెలిసింది కాళ్ళకి అందేది అక్కడే.

మీ ఊరి బడిలో టీటీ టేబుల్ ఉంటే, ఖరీదైన పరికరాల కోసం ఆగకండి. సైకిల్ షాపులో పిల్లల సైకిలు చక్రం ఒకటి అడగండి. నున్నటి ట్యూబు చుట్టండి, పిల్లల నడుము ఎత్తుకి కాస్త పైన ఇరుసు వచ్చేట్టు స్టాండుకి బిగించండి, పాత రబ్బరున్న బ్యాట్ చేతికివ్వండి. పావుగంట అయ్యాక మాత్రం వాళ్ళని టేబుల్ దగ్గరికి పంపండి.