మంచమెక్కినంత మాటాడు బీమమ్మ

అవతారిక

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, కూలికి, కొలువుకి అండమాన్ వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు చాలామంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో పదిమందిలో ఒకరికి పైగా మాతృభాష తెలుగే. వారిలో పెద్దతరం ఇప్పుడు డెబ్బై దాటింది. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో అలాంటి ఒక తాతగారున్నారనుకుందాం. కొడుకు ప్రైవేటు పాలసీ కాగితం తెచ్చాడు. పక్కింటివాళ్లు ఆయుష్మాన్ కార్డు తీయించుకోమన్నారు. అమెరికా మనవరాలు ఫోన్లో మూడో మాట చెప్పింది. ‘వీటిలో ఏది మంచిది?’ అన్న ఆయన ప్రశ్నకు జవాబే ఈ ఆటవెలది. కవి ఎవరో తెలియదు. పాలసీ షరతులు ఎవరు రాశారో కూడా ఎవరికీ తెలియదు కాబట్టి అది దోషం కాదు.

మూలం

మంచమెక్కినంత మాటాడు బీమమ్మ
మాత్ర మింగబోతె మౌనమూను
కడలి దాటు ఖర్చు కంటికగపడదు
దీవి తాత! చదువు దీని గుట్టు

ప్రతిపదార్థం

దీవి తాత = అండమాన్‌లో కాపురమున్న ఓ పెద్దాయనా (మామ్మగారిని కూడా గ్రహించవలెను); మంచము = ఆసుపత్రి మంచము (ఇంట్లో నులకమంచము కాదు); ఎక్కినంత = చేరి, సాధారణంగా ఒక రోజైనా ఉన్నంతనే; బీమమ్మ = బీమా అనెడి తల్లి; మాటాడు = లక్షల్లో పలుకును; మాత్ర = బీపీకి, షుగరుకి, కొలెస్ట్రాలుకి నిత్యము వేసుకొను బిళ్ల; మింగబోతె = ఇంట్లో కూర్చుని మింగబోయినచో; మౌనము ఊను = పెదవి విప్పదు; కడలి దాటు ఖర్చు = షిప్పు టికెట్టు, తోడు వచ్చువాని టికెట్టు, మెయిన్‌ల్యాండులో గది, భోజనము; కంటికి = ఆ తల్లి కంటికి; అగపడదు = ఆనదు; దీని గుట్టు = చిన్న అక్షరాల్లోని భాగమును; చదువు = సంతకమునకు ముందే చదువుము.

తాత్పర్యం

ఓ తాతా! బీమా అనునది ఆసుపత్రిలో పడుకొన్నవానిని ఆదుకొనును గాని, ఇంట్లో మాత్రలు మింగువానిని గాని, ఓడలో కూర్చున్నవానిని గాని గుర్తించదు. కావున ఏ పథకము పడకకు ఎంత ఇచ్చునో చూచి మురియక, ఏది మాత్రను, సముద్రమును వదిలివేయునో చూచి ఎంచుకొనుము.

విశేషాలు

1. ‘మాటాడు’: ఎంత గొంతుతో అన్నది పథకాన్ని బట్టి ఉంటుంది. ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు పేద కుటుంబాలకే. డెబ్బై దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, దాన్ని విస్తరించాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది 2024 సెప్టెంబర్‌లో. ఆ అక్టోబర్ 29 నుంచి ‘వయ వందన’ కార్డులు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స, ప్రీమియం లేదు, పాత జబ్బులకు మొదటిరోజు నుంచే వర్తింపు. ఇంట్లో ఇద్దరు డెబ్బై దాటినవారుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. ఆ సెప్టెంబర్‌లోనే అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. పాత పాలసీలో ఒక ఊరు, కొత్త కార్డులో ఇంకో ఊరు కనిపిస్తే తాతగారు ఇల్లు మారారని కాదు.

2. ప్రైవేటు తల్లి భాష వేరు. ముందే ఉన్న జబ్బులకు ఆమె కొంతకాలం ఆగమంటుంది. ఆ గడువు 2024 ఏప్రిల్ నుంచి 36 నెలలకు మించకూడదని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. అరవై దాటినవారి ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా ఆ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించింది. వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి పోయింది. ఇవి మంచిమాటలు. అసలు మెలిక రెండు చోట్ల ఉంటుంది. కో-పే 20 శాతం అని ఉంటే, 3 లక్షల బిల్లులో 60 వేలు తాతగారివే. గది అద్దెకు రోజుకు 5,000 పరిమితి ఉండగా 8,000 గదిలో చేరితే, తేడా మూడు వేలతో పోదు. గదితో ముడిపడిన డాక్టరు ఫీజుల వంటివి కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు. అలాంటివి 80 వేలైతే వచ్చేది 50 వేలే.

3. ‘మౌనమూను’: పూర్తి మౌనం కాదని కొందరు వ్యాఖ్యాతల అభిప్రాయం. ఆయుష్మాన్‌లో ఆసుపత్రి నుంచి వచ్చాక 15 రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. చాలా ప్రైవేటు పాలసీల్లో ఆ గడువు 60, 90 రోజుల దాకా ఉంటుంది. దాన్ని మాట అనలేం, గొణుగుడు అనవచ్చు. షుగరు జబ్బుకు పదహారో రోజూ ఉంటుంది, తొంభై ఒకటో రోజూ ఉంటుంది. ఆ రోజుల కోసం మన దేశంలో చేతికందేవి వేరు: సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇచ్చే మాత్రలు, బ్రాండు ధరలో సగానికన్నా తక్కువకే మందులు దొరికే జనఔషధి కేంద్రాలు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్‌ఎస్) లేనిచోట ఉండే కేంద్ర పింఛనుదారులకు 2017 జులై నుంచి నెలకు 1,000 రూపాయల స్థిర వైద్య భత్యం ఉంది. మాజీ సైనికులకు వారి ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్కులు మందులు కూడా ఇస్తాయి.

4. ‘కడలి’: శ్రీ విజయపురం నుంచి చెన్నైకీ, విశాఖకీ సముద్రం మీద ఇంచుమించు 1,200 కిలోమీటర్లు. షిప్పులో బంక్ క్లాసు పట్టుకుంటే దాదాపు మూడు రోజులు. శ్రీ విజయపురంలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రిలో కాని వైద్యానికి మెయిన్‌ల్యాండు రెఫరల్ తప్పదు. ఆయుష్మాన్ కార్డు ఆ పథకం అమలవుతున్న ఏ రాష్ట్రంలోనైనా, దాని జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుంది. అక్కడి దాకా వెళ్లే టికెట్టుకు చెల్లదు. 1969 నుంచి మాజీ సైనిక కుటుంబాలను స్థిరపరిచిన గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే వారికైతే శ్రీ విజయపురం చేరడమే మొదటి ప్రయాణం. అదే ఐదువందల కిలోమీటర్లకు పైబడి ఉంటుంది.

పాఠాంతరం

అమెరికా ప్రతిలో రెండో పాదం ‘మాత్రకొక్క బీమ మరల కొనుము’ అని ఉంది. అది కూడా సాధువే. అక్కడ పెద్దవాళ్ల మెడికేర్‌లో మందులకు ‘పార్ట్ డి’ అని వేరే పథకం 2006 నుంచి నడుస్తోంది. ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా పథకం మార్చుకోవచ్చు. ఒక్కో పథకానికి ఒక్కో మందుల జాబితా. నిరుడు చవకైన బిళ్ల ఈ ఏడు ఖరీదైన వరుసలోకి ఎక్కవచ్చు కాబట్టి ఏటా పోల్చుకోవాలి. ఆ మందుల మీద చేతినుంచి పెట్టే ఖర్చుకు 2025లో 2,000 డాలర్ల హద్దు వచ్చింది. మనవరాలు చెప్పిన మాట ఇదే. మాట నిజమే గాని, ఆ ప్రతి ఇక్కడ దొరకదు.

పూర్వపక్షం, సమాధానం

‘వయ వందన ఉచితమే కదా, ప్రైవేటు పాలసీ ఎందుకు?’ అని ఆక్షేపణ. రెండూ ఉంచుకోవడానికి అడ్డు లేదు. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ లాంటి కేంద్ర పథకాల్లో ఉన్నవారు మాత్రం ఏదో ఒకటే ఎంచుకోవాలి. వారు 5 లక్షల అంకె చూసి తొందరపడితే నెలనెలా వచ్చే మాత్రలు వదులుకున్నట్టే. ఇక ఏళ్ల తరబడి కట్టిన పాలసీని కార్డు వచ్చింది కదా అని మానేయడం కూడా తగదు. మళ్లీ కొత్తగా తీసుకుంటే ఆగే గడువు మొదటినుంచి మొదలు.

‘మరి తాత ఏం చేయాలి?’ ఈ పద్యాన్ని కింది పాదం నుంచి పైకి చదవాలి. ఏజెంటు ఎప్పుడూ మొదటి పాదం దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆపుతాడు. తాతగారు ముందు షరతుల కాగితం తెరవాలి. తరవాత ఇద్దరికి రానుపోను టికెట్లు, నెల రోజుల గది అద్దె రాసుకోవాలి. ఆ కింద మందుల చీటీ. నెలకు 1,500 రూపాయలైతే ఏడాదికి 18,000. అందులో సర్కారు దవాఖానాలో దొరికేవి, జనఔషధిలో దొరికేవి కొట్టేయాలి. మిగిలినది ఏ పథకం భరిస్తుందో అడగాలి. మంచం లెక్క చివర. చెన్నై, విశాఖల్లో తాను వెళ్లే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో చూసుకుంటే ఆ పాదం కూడా పూర్తవుతుంది.

అలంకారం

ప్రకటన పత్రంలో అతిశయోక్తి, షరతుల కాగితంలో స్వభావోక్తి. క్లెయిము వేళ రెండోదే ప్రమాణమని ఆలంకారికుల నిర్ణయం.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారి క్లెయిములన్నీ గట్టెక్కునని చెప్పజాలము. కాని పాలసీ చేతికి వచ్చాక నచ్చకపోతే తిప్పిపంపడానికి 30 రోజుల గడువుంది. తాత్పర్యం ఆలస్యంగా తెలిసినవారు ఆ లోపల మనసు మార్చుకోవచ్చు. సందేహముంటే ఆయుష్మాన్ వారి నంబరు 14555కు ఫోను చేసి, అడగవలసినవి నాలుగు పాదాల వరసలోనే అడగవలెను, కింది పాదం ముందు.