తొంభై రెండేళ్ల పాపకు బారసాల

2024 మేలో మన తెలంగాణ ఆర్టీసీకి బారసాల జరిగింది. మంగళవారం దాకా టీఎస్‌ఆర్టీసీ, బుధవారం నుంచి టీజీఎస్‌ఆర్టీసీ. అప్పటికి పాప వయసు తొంభై రెండు. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయడం ఇది ఐదోసారి.

1932లో నిజాం రైలు, రోడ్డు రవాణా శాఖలో 27 బస్సులతో పుట్టిన పిల్ల. 1951లో హైదరాబాద్ రాష్ట్రం ఒక పేరు పెట్టింది, 1958లో ఆంధ్రప్రదేశ్ ఇంకోటి, 2015లో తెలంగాణ మరోటి. పెంచిన ప్రతి ఇల్లూ తన ఇంటిపేరు తగిలించింది, అందులో వింత లేదు. ఈసారి ఇల్లు మారలేదు, ఇంటి పెద్ద మారాడు. అంతే, ‘ఎస్’ పోయి ‘జీ’ వచ్చింది.

వేడుకకు లోటేమీ రాలేదు. ఊయల కట్టే పని తప్పింది, పల్లె వెలుగు బస్సు వెనక సీటు ఎలాగూ ఊగుతుంది. చుట్టాలు ముందే వచ్చి బస్టాపుల్లో నిలబడి ఉన్నారు. ఎక్స్ (ట్విట్టర్) ఖాతాలకూ ఆ రోజే కొత్త పేర్లు. ఇంతలో ఎవరో పాప ఫొటో అంటూ ఒక లోగో ఊరంతా తిప్పారు. అది మా పిల్ల కాదు, అసలు ఫొటో ఇంకా తీయలేదని అప్పటి ఎండీ సజ్జనార్ గారే చెప్పుకోవాల్సి వచ్చింది.

పేరు మారిస్తే జాతకం మారుతుందంటే ఒక్క పేరుతో ఆగడం దేనికి? ఫుట్‌బోర్డును ‘బాల్కనీ’ అందాం. ఒంటికాలి మీద ముప్పై కిలోమీటర్లు వెళ్లేవారికి ‘తపస్వి’ టికెట్ కొడదాం. రాని బస్సుకు మాత్రం ‘నిరాకార’ సర్వీసు అని బోర్డు రాయించాలి. దానికి డీజిల్ ఖర్చు లేదు, బ్రేక్‌డౌన్ లేదు, కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకునే తగాదా లేదు. పైగా అన్ని ఊళ్లకూ వెళ్తుంది.

పేరు ముందా, పని ముందా? జంషెడ్‌పూర్‌లో మన తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు, వాళ్లనడిగితే వరస చెబుతారు. అక్కడ ఉక్కు 1912లోనే వచ్చింది. సాక్చికి జంషెడ్‌పూర్ అని, కాలిమాటి స్టేషన్‌కు టాటానగర్ అని పేర్లు పెట్టింది 1919లో. ముందు పని, తర్వాత బారసాల.

మన దగ్గర రెండు అక్షరాలకున్న పరుగు ఇంకే ఫైలుకూ లేదు. బండి నంబర్లకు టీజీ అని కేంద్రం గెజిట్ ఆ ఏడాది మార్చిలో వచ్చింది, మే నాటికి ఆర్టీసీ పేరూ మారిపోయింది. కార్మికులను ప్రభుత్వంలో కలిపే బిల్లు 2023 ఆగస్టులోనే సభ దాటింది. గవర్నర్ సంతకమూ అయింది. అమలు తేదీకి మాత్రం పేరు మారే నాటికీ ముహూర్తం దొరకలేదు! 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. మంచి పని, కాదనను. కానీ జీరో టికెట్లు ఎన్ని కోట్లయ్యాయో సభల్లో చెబుతున్నవాళ్లు, ఆ జనానికి తగ్గట్టు ఏ ఊరికి ఎన్ని బస్సులు పెంచారో చెప్పరు. చంకన బిడ్డతో తలుపు కడ్డీ పట్టుకుని వేలాడే తల్లికి మీరిచ్చింది ఉచితం కాదు, ప్రాణాపాయం. బస్సు ఎక్కలేక ఆడపిల్ల కాలేజీ మానేస్తే ఆ లెక్క ఏ రిజిస్టర్లోనూ ఉండదు. పేరు మారితే రాష్ట్రమంతా చాటింపు వేస్తారు, ట్రిప్పు ఎత్తేస్తే ఊరికి ఒక్క ముక్క చెప్పరు. మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. పొద్దున ఏడింటి బస్సు ఎవరి సంతకంతో రద్దయిందో ఆ కాగితం తెచ్చి పంచాయతీ గోడకు అంటించండి.