దొంగకే ఫిర్యాదు చేసే పెట్టె

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఆ కుక్కను చిన్న స్విచ్చుగా మార్చి డెస్క్‌టాప్ కంప్యూటర్లో బిగిస్తే దొంగతనం అలారం అవుతుంది. ఆఫీసుల కోసం తయారయ్యే చాలా మోడళ్లలో ఇది ముందే ఉంటుంది. పక్క మూత కింద ఒక బొడిపె. మూత తీస్తే పైకి లేస్తుంది. ప్లగ్గు పీకినా సరే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఆ సంగతి గుర్తుపెట్టుకుంటుంది. పెట్టుకుని చేసేదేమిటి? అరవదు, పోలీసులకు ఫోను చెయ్యదు. సెట్టింగ్‌లలో ఆన్ చేసి ఉంటే, మళ్లీ కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు, ఎవరో మూత తీశారని తెరమీద చూపిస్తుంది. అప్పటికి పెట్టె దొంగగారింట్లో ఉంటే ఆ ఫిర్యాదు చదివేది ఆయనే. మూత జోలికి పోకుండా మొత్తం పెట్టెను గోనెసంచిలో వేసుకుపోయాడా, బొడిపె లెక్కలో దొంగతనమే జరగలేదు.

అయితే కదిలిస్తే కూత పెట్టే సైరన్ కొనుక్కోవచ్చుగా అంటారు. కొనుక్కోవచ్చు. కానీ హైదరాబాద్‌లోని బేగంపేట లాంటి చోట కూతకు విలువెంత? 2008లో ఇక్కడి విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి గానీ చప్పుడు మాత్రం ఇల్లు మారలేదు. ఫ్లైఓవర్ మీద హారన్లు సరే, సెల్లార్‌లో పిల్లి సీటు మీదికి దూకితే బండి అలారం మోగుతుంది, వాచ్‌మన్ అటు తిరిగి పడుకుంటాడు. 'నాన్నా పులి' అని రోజుకు పదిసార్లు అరిచే ఊళ్లో పదకొండో అరుపుకు లేచేదెవరు?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా, ఈ బొడిపె పట్టిస్తుందని ఇంకో వాదన. ఇందులో న్యాయముంది. రాత్రికి రాత్రి ఎవరో రెండు ర్యామ్‌లలో ఒకటి ఊడబీకితే పొద్దున్నే తెర చెప్పేస్తుంది. కాకపోతే మూత తీశారని చెబుతుంది, ఎవరు తీశారో చెప్పదు. అదే పెట్టె వెనక చాలా మోడళ్లకు తాళంకప్ప వేసే రింగు ఉంటుంది. తీశాక చెప్పేదానికన్నా తియ్యనివ్వనిది మేలు. పైగా బేగంపేటకు దగ్గర్లోనే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, కంప్యూటర్ దుకాణాల చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. పోయిన ర్యామ్‌కు బదులు సాయంత్రానికల్లా కొత్తది తెచ్చుకోవచ్చు. పోయిన ఫైళ్లు మాత్రం అక్కడ ఏ కౌంటర్లోనూ దొరకవు.

అసలు సొత్తు ఆ ఫైళ్లే. 2023లో సైబరాబాద్ పోలీసులు ఒక నిందితుణ్ణి పట్టుకుని, 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు అతని దగ్గర ఉన్నాయని ప్రకటించారు. అంత సరుకు కదలడానికి ఎవరి పెట్టె మూతా తియ్యనక్కర్లేదు, గోనెసంచీ అక్కర్లేదు.

కాబట్టి అలారం కంప్యూటర్‌తో పాటే వస్తే ఉండనివ్వండి, తిండి అడగదు. విడిగా మాత్రం రూపాయి పెట్టకండి. ఆ డబ్బుతో ఒక తాళంకప్ప, ఫైళ్ల నకలు దాచుకోవడానికి ఒక హార్డ్ డిస్క్ కొనండి, ఫైళ్లను పరాయివాళ్లు చదవకుండా గుప్తీకరించే బిట్‌లాకర్ లాంటిది ఉంటే ఆన్ చేసుకోండి. కొన్న డిస్కును మాత్రం కంప్యూటర్ పక్కనే పెట్టకండి. దొంగకు రెండో ట్రిప్పు శ్రమ తప్పించినవారవుతారు.